పాత ఇంట్లో ఇరుకు బాత్రూములు మార్పించాం – నా అనుభవం

తెనాలిలో మా ఇల్లు 1984లో నాన్న కట్టించింది. హాలు, వరండా, పెరడు అన్నీ ధారాళంగా పెట్టుకుని బాత్రూముల దగ్గరకి వచ్చేసరికి ఆ రోజుల్లో ఎందుకో అందరికీ చెయ్యి బిగుసుకుపోయేది. కింద పెరటి వరండా చివర పక్కపక్కనే రెండు గదులు, ఒకటి 3 అడుగుల వెడల్పు లెట్రిన్, రెండోది 4 అడుగుల స్నానాల గది, రెండూ లోపలికి 4 అడుగులే, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. స్నానాల గదిలో సగం సిమెంటు తొట్టే ఆక్రమించేది, కింద కడప రాళ్ళు, గోడలకి నడుము ఎత్తు వరకు తెల్ల పింగాణీ బిళ్ళలు, వాటి సందుల్లో ఎంత యాసిడ్ పోసినా పోని నలుపు. 1998లో పైన పోర్షన్ వేసినప్పుడు కట్టిన అటాచ్డ్ బాత్రూమ్ ఇంకోటి, 4 బై ఆరున్నర, దానికి గులాబీ రంగు టైల్స్, అదే రంగు కమోడ్, అదే రంగు వాష్ బేసిన్, అప్పట్లో అదే ఫ్యాషన్ లేండి.

ఎప్పటినుంచో మారుద్దాం మారుద్దాం అనుకుంటూ వాయిదా వేస్తూనే ఉన్నాం కానీ రెండు విషయాలు ఒకేసారి మెడ మీదకొచ్చాయి. ఒకటి అమ్మ మోకాళ్ళు. కింద లెట్రిన్‌లో ఇండియన్ బేసిన్, దానికి ముందు అర అడుగు మెట్టు, లేవడానికి ఆవిడ నీళ్ళ కుళాయి పట్టుకుని లేచేది, అది ఊగడం మొదలుపెట్టింది. రెండోది పై బాత్రూమ్ కింద హాలు మూల సీలింగ్, ముందు పసుపు మరక వచ్చింది, తర్వాత పెయింట్ ఉబ్బింది, తర్వాత పెచ్చులు ఊడి లోపల ఊచ కనపడింది. ఊచ తుప్పు పట్టి కనపడ్డాక ఇంక ఆగడం లేదు. సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళిన పనివాళ్ళు తిరిగొచ్చాక ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. ఎండల్లో పని చేయించడానికి ఇంకో కారణం ఉంది, మా వైపు డెల్టా భూమి, వానాకాలం నీటి మట్టం పైకొచ్చేస్తుంది, సెప్టిక్ ట్యాంక్ నుంచి నీళ్ళు వెనక్కి తంతాయి, ఆ టైమ్‌లో డ్రైనేజీ పైపులు తవ్వుకుంటే నరకమే.

ముందు విజయవాడ వెళ్ళి షోరూములు చూసొచ్చాం. అక్కడ బాత్రూమ్ అంటే నిలువెత్తు గ్లాసు పార్టిషన్, గోడకి వేలాడే కమోడ్, నెత్తిన పళ్ళెమంత షవర్, నేల మీద ఒక్క వస్తువు ఉండదు. బాగుంది, కాదనను. కానీ మా ఇంట్లో స్నానం అంటే బకెట్, మగ్గు, పీట. ఆదివారం నూనె రాసుకుని కుంకుడుకాయ రసంతో తలంటు, పండగలకి నలుగు. ఒక మూల బట్టలు నానబెట్టిన టబ్బు, ఇంకో మూల ఇల్లు తుడిచే బకెట్, చీపురు, బ్రష్షులు. గ్లాసు పెడితే మా బోరు నీళ్ళకి వారం తిరక్కుండా తెల్లటి ఉప్పు మరకలు పడతాయి, ఎవరు తుడుస్తారు రోజూ? ఆ సేల్స్ అబ్బాయి ఏ డిజైన్ చూపించినా మా ఆవిడ ఒకటే ప్రశ్న, "బకెట్ ఎక్కడ పెట్టాలి బాబూ?" అతను పాపం నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం మొత్తం పనిలో బాగా పనికొచ్చిన ప్రశ్న అదే.

ఇంటికొచ్చాక ఆవిడే ఇంకో పని చేసింది. డాబా మీదకెళ్ళి సుద్దముక్కతో బాత్రూమ్ ప్లాన్ అసలు కొలతలతో నేల మీద గీసేసింది. కింద రెండు గదుల మధ్య గోడ తీసేస్తే వచ్చేది 7 అడుగుల 4 అంగుళాలు బై 4 అడుగులు, అందులో టైల్ మందం, దాని వెనక సిమెంటు కలిపి ప్రతి గోడకీ అంగుళం చొప్పున పోతుంది కదా, అది కూడా లోపలికి తగ్గించి గీసింది. కమోడ్ బదులు ప్లాస్టిక్ కుర్చీ, నిజం బకెట్, నిజం పీట, తలుపు తెరుచుకునే మేర దారంతో గుండ్రంగా ఒక గీత. అందరం ఒక్కొక్కళ్ళం లోపలికెళ్ళి స్నానం చేస్తున్నట్టు నటించాం, పక్క డాబా మీద వడియాలు పెట్టుకుంటున్నావిడ మమ్మల్ని ఎలా చూసిందో చెప్పక్కర్లేదు. కానీ ఆ పూట తేలిన విషయాలు ఏ డిజైనర్ చెప్పినా వచ్చేవి కావు. తలుపు లోపలికి తెరిస్తే బకెట్‌కి కొడుతుంది. వాష్ బేసిన్ మేం అనుకున్న చోట పెడితే కుర్చీలోంచి లేచేటప్పుడు నుదురు తగులుతుంది. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి లేవమన్నాం, లేచేటప్పుడు ఆవిడ కుడి చెయ్యి పక్కకి కాదు, కొంచెం ముందుకి, ఏటవాలుగా వెళ్ళింది. అక్కడ టేపు పెట్టి కొలిచి రాసుకున్నాం. కంపెనీ బొమ్మల్లో పట్టుకునే రాడ్డు అడ్డంగా ఉంటుంది, మేం తర్వాత ఒకటి అడ్డంగా, ఇంకోటి నిలువుగా ఆ కొలత దగ్గరే బిగించాం.

గోడ తీయొచ్చా లేదా అన్నది మాత్రం మేస్త్రీ మాట మీద వదల్లేదు. ఆయనైతే "ఏం కాదు సార్, రెండు దెబ్బలు" అనేశాడు. మా గదుల పైన శ్లాబ్ మీద పాతకాలం సిమెంటు నీళ్ళ ట్యాంకు ఒకటుంది, వాడట్లేదు కానీ బరువు బరువే. తెలిసిన ఇంజనీరు గారిని పిలిచి చూపిస్తే ఆయన గోడ పైభాగంలో కాస్త పూత గీకించి చూశారు, శ్లాబుకీ గోడకీ మధ్య సన్నటి గీతలా విడిపోయి ఉంది, అంటే శ్లాబ్ వేశాక కట్టిన గోడ, బరువంతా బయటి తొమ్మిదంగుళాల గోడలే మోస్తున్నాయి. అయినా ముందు పైన ట్యాంకు పగలగొట్టి దించండి, తర్వాతే కింద గోడ ముట్టుకోండి అన్నారు. ఆయన ఫీజు మొత్తం ఖర్చులో లెక్కలోకి కూడా రాదు, పాత ఇంట్లో గోడ తీసేవాళ్ళు ఎవరైనా సరే ఇది తప్పించుకోకండి.

ఇంక పగలగొట్టుడు. బ్రేకర్ మిషన్ పెట్టి మొదలెడితే ఇంట్లో గిన్నెలు అన్నీ గలగల్లాడిపోయాయి, అమ్మని పిన్ని వాళ్ళింటికి పంపించేశాం. రెండు బాత్రూములూ ఒకేసారి కూలగొడితే పని త్వరగా అయిపోతుందని కాంట్రాక్టర్ తెగ చెప్పాడు, మేం ఒప్పుకోలేదు, ఒకటి పూర్తిగా వాడకంలోకి వచ్చాకే రెండోది. రబ్బిష్ సంగతి ఎస్టిమేట్‌లో ఎవరూ చెప్పరు. రెండు చిన్న బాత్రూములు, ఒక సిమెంటు ట్యాంకు, తొట్టి కలిపి ఎంత రాళ్ళూ మట్టీ వస్తుందో చూస్తే నమ్మలేరు, వీధిలో పోస్తే మున్సిపాలిటీ వాళ్ళు ఊరుకోరు. మా అదృష్టం, ఊరి చివర పల్లపు స్థలం మెరక చేసుకుంటున్నాయన ఒకాయన దొరికాడు, ట్రాక్టర్ బాడుగ మాది, రబ్బిష్ ఆయనది.

పాత పైపులు బయటకి తీస్తే అప్పుడర్థమైంది కుళాయిలో నీళ్ళు ఎందుకు సన్నగా వస్తున్నాయో. ముప్పావు అంగుళం జీఐ (ఇనుప) పైపు, కోసి చూస్తే లోపల తుప్పు, ఉప్పు కలిసి గట్టిపడిపోయి పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. మేం మోటారు మార్చాం, ట్యాంకు ఎత్తు పెంచాం, ఏవేవో చేశాం ఇన్నేళ్ళూ! మొత్తం తీసేసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయించాం, వేడినీళ్ళకి కూడా అదే తట్టుకుంటుంది. గోడలో గాడి కొట్టేటప్పుడు ఒక జాగ్రత్త, నాలుగున్నర గోడలో లోతుగా గాడి కొడితే గోడ సగం పోయినట్టే, అందుకే పైపులన్నీ తొమ్మిదంగుళాల గోడ వైపే తిప్పించాం. గోడకి వేలాడే కమోడ్, దాని వెనక గోడలో దాక్కునే ఫ్లష్ ట్యాంకు వద్దనుకోవడానికి సగం కారణం ఇదే, మిగతా సగం రేపు రిపేరు వస్తే తెనాలిలో ఎవడు విప్పుతాడన్న భయం.

పైపులు వేశాక ప్లంబర్ వెంటనే సిమెంటు పూసేద్దామన్నాడు. ప్రెషర్ టెస్ట్ చెయ్యకుండా పూత పడదని చెప్పా. చిన్న చేతి పంపు ఉంటుంది, కుళాయిల చివర్లన్నీ ప్లగ్గులతో బిగించి పైపుల్లోకి నీళ్ళు కొట్టి ప్రెషర్ ఎక్కించి వదిలేస్తారు, మీటర్ ముల్లు కదలకూడదు. భోజనాలు చేసి వచ్చేసరికి ముల్లు సగానికి దిగింది. పైకి ఎక్కడా తడి లేదు, తర్వాత ఒక్కో జాయింట్ కింద పొడి న్యూస్‌పేపర్ ముక్క పట్టుకుంటూ పోతే గీజర్ లైన్‌లో ఒక ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర కాయితం తడిసింది, చూస్తే ఆ జాయింట్‌కి అతికించే సొల్యూషన్ రాయడమే మర్చిపోయి ఊరికే దూర్చేశారు. అది టైల్స్ వెనక్కి వెళ్ళుంటే నా పరిస్థితి ఏంటి? అది సరిచేసి మళ్ళీ టెస్ట్ చేసి, పూత పడేముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకున్నా. ఆ ఫోటోలు ఇప్పటికీ వాడుతున్నాం, ఎక్కడ డ్రిల్ వెయ్యాలన్నా ముందు ఫోన్ తియ్యాల్సిందే.

కింద డ్రైనేజీ లైన్ తవ్వితే ఇంకో కథ. లెట్రిన్ నుంచి సెప్టిక్ ట్యాంక్‌కి పాత పింగాణీ గొట్టాలు, రెండు రెండడుగుల ముక్కలు సిమెంటుతో అతికినవి, పెరట్లో వేపచెట్టు వేళ్ళు ఆ అతుకుల్లోంచి దూరి లోపల జడలా పెరిగిపోయాయి. మొత్తం తీసేసి 4 అంగుళాల పీవీసీ వేశాం, పది అడుగులకి రెండున్నర అంగుళాల వాటం, మలుపు ఉన్నచోట ఒక చాంబర్. చెట్టు కొట్టనివ్వలేదు అమ్మ, అతుకు లేకుండా ఆ మేర ఒకే పొడుగు పైపు వేయించాం.

కమోడ్ కొనేముందు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. కమోడ్ గొట్టం నేలలోంచి పోయేది ఎస్ ట్రాప్, గోడలోంచి పోయేది పి ట్రాప్. ఎస్ ట్రాప్ తీసుకుంటే గోడ నుంచి నేలలో గొట్టం మధ్యకి దూరం ఎంతో దాన్నిబట్టి కమోడ్ దొరుకుతుంది, అందులో సుమారు 4 అంగుళాలవి, 9 అంగుళాలవి, 12 అంగుళాలవి ఇలా ఉంటాయి. ఈ దూరం పూత గోడ నుంచి కాదు, టైల్స్ వేశాక ఉండే గోడ నుంచి కొలవాలి. మా 4 అడుగుల గదిలో 12 తీసుకుంటే మోకాళ్ళు ఎదుటి గోడకి ఆనతాయి, 9 పెట్టించాం. బాబాయ్ వచ్చి చూసి "ఒకటైనా ఇండియన్ ఉంచుకోవాల్సిందిరా, వెస్టర్న్ మీద నాకు సుఖంగా ఉండదు" అని గొణిగారు. వాస్తు ప్రకారం కూర్చునే దిక్కు అమ్మ అడిగింది, ఉత్తరమో దక్షిణమో అయితే చాలంది, పాతది దక్షిణమే కాబట్టి ఆ గొడవ రాలేదు.

పై బాత్రూమ్ మాత్రం మమ్మల్ని ఏడిపించింది. అది సన్‌కెన్ శ్లాబ్, అంటే మిగతా శ్లాబ్ కన్నా అడుగు లోతుగా గుంటలా పోసి అందులో పైపులు పరిచి ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి, పైపు జాయింట్లలోంచి కొద్దికొద్దిగా దిగిన నీళ్ళు పోవడానికి దారి ఉండదు, ఆ గుంటలోనే నిలవ ఉంటాయి, ఇటుక ముక్కలు వాటిని పీల్చుకుని కూర్చుంటాయి. మా దాంట్లో తవ్వేకొద్దీ నల్లటి బురద, ఆ వాసనకి పనివాళ్ళు మొహానికి తువ్వాళ్ళు కట్టుకున్నారు. ఇరవై ఏడేళ్ళ స్నానం నీళ్ళండీ అవి. అంతకుముందు ఒకాయన వచ్చి టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ కూరితే లీకేజీ ఆగిపోతుందని చేసి డబ్బులు తీసుకెళ్ళాడు, ఇంకొకాయన కింద సీలింగ్‌కే ఏదో కెమికల్ పూశాడు. నీళ్ళు పైన నిలవుంటే కింద ఏం పూస్తే ఏం లాభం.

అంతా తీసి శ్లాబ్ కడిగి ఆరబెట్టాక, అడుగున ఒక మూలకి వాటం వచ్చేలా పూత వేయించాం, గోడా నేలా కలిసేచోట కోణం లేకుండా గుండ్రంగా తిప్పించాం, అక్కడే వాటర్‌ప్రూఫింగ్ చిట్లిపోతుందట. ఆ మూలలోంచి బయటికి ఒక చిన్న పైపు, ఎప్పుడైనా గుంటలోకి నీళ్ళు దిగినా బయటికి కారిపోవడానికి, ఆ పైపు చివర బయట గోడకి కనపడుతుంది కాబట్టి చుక్క పడితే లీకు ఉందని మనకి తెలిసిపోతుంది కూడా. తర్వాత రెండు భాగాల వాటర్‌ప్రూఫ్ కోటింగ్, పొడి, ద్రవం కలిపి బ్రష్‌తో పూసేది, మూలల్లో వల లాంటి గుడ్డ పెట్టి ఒక కోటు నిలువుగా, ఆరాక ఇంకోటి అడ్డంగా. గోడల మీద షవర్ వైపు 6 అడుగులు, మిగతా వైపు అడుగున్నర.

ఆరాక నీళ్ళు నిలవబెట్టి చూడాలి. పైపులన్నీ మూసేసి నాలుగు అంగుళాల నీళ్ళు పెట్టి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశా. 48 గంటలు ఆగాలి. మేస్త్రీకి ఇది సుతరామూ ఇష్టం లేదు, "రెండు రోజులు లేబర్ ఖాళీ సార్" అంటాడు. తెల్లారి చూస్తే గీతకీ నీటికీ మధ్య బొటనవేలు పట్టేంత దూరం. ఎండలకి ఆవిరైందన్నాడు ఆయన. సరే అని బయట బకెట్‌లో కూడా నీళ్ళు పెట్టి గీత గీసి పక్కనే ఉంచాం, బకెట్‌లో దాదాపు అలాగే ఉన్నాయి, గుంటలో మాత్రం ఇంకా దిగాయి. నీళ్ళు తోడేసి చూస్తే కమోడ్ గొట్టం శ్లాబ్‌లోంచి దిగేచోట చుట్టూ ఉన్న సందులో మామూలు సిమెంటు నింపారు, అది ఆరాక కుంచించుకుని వెంట్రుకవాసి గీత విడిచింది. అక్కడ చెక్కి, కుంచించుకోని గ్రౌట్ అని వేరే దొరుకుతుంది, అది నింపి మళ్ళీ కోటింగ్, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ 48 గంటలు. ఈసారి గీత కదల్లేదు, కింద హాల్లో నిచ్చెన ఎక్కి సీలింగ్ తడిమి చూసి మరీ ఓకే చేశా. గుంట నింపడానికి ఇటుక ముక్కలు వద్దని తేలిక బ్లాకులు ముక్కలు చేసి వాడాం, బరువూ తక్కువ. పైన సిమెంటు బెడ్ వేసి దాని మీద ఇంకోసారి కోటింగ్, ఇంకోసారి నీళ్ళు. కింద సీలింగ్‌లో తుప్పు ఊచకి వైర్ బ్రష్ కొట్టి, తుప్పు పట్టకుండా ఉండే పూత వేసి, ఇంజనీరు గారు చెప్పిన మసాలాతో ప్యాచ్ చేశారు.

టైల్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గోడలకి 1 బై 2 అడుగులవి లేత రంగు, నేలకి 1 బై 1 జారనివి. పెద్ద టైల్స్ అందంగా ఉంటాయి కానీ చిన్న గదిలో నాలుగు వైపుల నుంచి నేలలో నీళ్ళు పోయే ట్రాప్‌కి వాటం ఇవ్వాలంటే పెద్ద బిళ్ళ వంగదు కదా. లెక్క తేలికే, పై బాత్రూమ్ చుట్టుకొలత 21 అడుగులు, 7 అడుగుల ఎత్తు అంటే 147 చదరపు అడుగులు, తలుపు తీసేస్తే 130, కోతల్లో పోయేదానికి పదో వంతు కలుపుకుంటే 143. అట్టపెట్టెల మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో దించుకునేటప్పుడే చూసుకోవాలి, వేరే బ్యాచ్ అయితే గోడ మీద రంగు తేడా కొడుతుంది. ముదురు రంగు, నున్నటి మెరుపు బిళ్ళలు మా ఆవిడకి నచ్చాయి, మా బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళి షాపులో నమూనా బిళ్ళ మీద పోసి ఆరనిచ్చి చూస్తే తెల్ల చారలు కొట్టొచ్చినట్టు కనపడ్డాయి, లేత బూడిద రంగుకి దిగింది.

పాత గోడలు మూలమట్టంలో ఉండవు. టైల్స్ మేస్త్రీ రసమట్టం పెట్టి చూస్తే ఒక గోడ పైకి వెళ్ళేసరికి ముప్పావు అంగుళం లోపలికి వాలి ఉంది, దాన్ని పూతతో సరిచేసుకున్నాకే టైల్ గమ్‌తో అతికించారు. ఆ కుర్రాళ్ళు ఉత్తరాది వాళ్ళు, పని బంగారం, నా హిందీ వాళ్ళకీ వాళ్ళ తెలుగు నాకూ అంతంతమాత్రం. వాళ్ళని పంపించే కాంట్రాక్టర్ మాత్రం సగం గోడ అయ్యాక ఇంకో సైట్‌కి మార్చేశాడు, ఫోన్ చేస్తే "రేపు పక్కా సార్", ఆ రేపు వారం దాటింది. ఇవ్వాల్సిన మిగతా డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి వచ్చాడు, అంతా ముందే ఇచ్చేసి ఉంటే వచ్చేవాడు కాదనుకుంటా.

నేల అయ్యాక మగ్గుతో నాలుగు మూలలా నీళ్ళు పోసి చూశాం, మూడు మూలల నుంచి గబగబా ట్రాప్‌కి పోయాయి, తలుపు పక్క మూలలో అరచెయ్యంత మడుగు నిలిచింది. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది అన్నాడు టైల్స్ మేస్త్రీ. అక్కడే పాకుడు పడుతుంది, అక్కడే అమ్మ అడుగు పెడుతుంది. నాలుగు బిళ్ళలు పీకించి మళ్ళీ వేయించాం. గమ్ ఆరాక గోడ బిళ్ళలన్నిటి మీదా రూపాయి బిళ్ళతో టిక్కు టిక్కుమని కొట్టి విన్నాం, గట్టిగా పలికేది మంచిది, డొల్లగా పలికేది వెనక ఖాళీ ఉన్నట్టు, రెండు దొరికాయి, మార్చారు. సందుల్లో షవర్ వైపు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం, ఖరీదెక్కువ, కానీ నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. నలుగు పిండి, వెంట్రుకలు ట్రాప్‌లో ఇరుక్కోకుండా చేత్తో తీసి కడుక్కునే జాలీ ఉన్నది పెట్టాం, బొద్దింకలు కూడా రావు.

కింద బాత్రూమ్‌లో గడప దగ్గర పాత మెట్టు తీసేసి వరండా నేలకీ లోపలికీ అర అంగుళం మాత్రమే తేడా ఉంచాం. తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల ఎవరైనా పడినా తోసుకుని ఇరుక్కోకుండా, గడియ కూడా బయట నుంచి నాణెంతో తిప్పి తియ్యగలిగేది. పాత చెక్క గుమ్మం అడుగున పుచ్చిపోయింది, గ్రానైట్ గుమ్మం పెట్టించాం, తలుపు డబ్ల్యూపీసీది, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది. తొట్టి పోయిందని అమ్మ బాధపడుతుంటే దాని చోట గోడకి ఆనించి 16 అంగుళాల ఎత్తున కడప రాయి బల్ల కట్టించాం, పీట మీద కూర్చుని లేవలేని ఆవిడ ఇప్పుడు దాని మీద కూర్చుని స్నానం చేస్తుంది, బకెట్ పక్కన ఎత్తులో పెట్టుకోడానికి ఇంకో చిన్న దిమ్మ, వంగక్కర్లేదు. తీసేసిన పాత కడప రాళ్ళే పాలిష్ పట్టించి వాడాం.

కరెంటు పని చిన్నదే అయినా తేలిగ్గా తీసుకోలేదు. 1984 వైరింగ్‌లో బాత్రూమ్ లైన్‌కి ఎర్త్ లేదు. గీజర్‌కి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపుల పాయింటు, కొత్త ఎర్తింగ్ గుంట, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. గీజర్ 15 లీటర్లు చాలు, చన్నీళ్ళు కలుపుకుంటే మన వాతావరణంలో రెండు బకెట్లు వస్తాయి. పాత గాజు రెక్కల వెంటిలేటర్ సగం తీసి 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్.

ఖర్చు అడుగుతారు కదా. మొదటి ఎస్టిమేట్ రెండింటికీ కలిపి 2 లక్షలన్నారు, 3 లక్షల 20 వేల దాకా అయింది. పెరిగింది టైల్స్ వల్లో కుళాయిల వల్లో కాదు, డ్రైనేజీ లైను, వాటర్‌ప్రూఫింగ్, కరెంటు, రబ్బిష్, వీటి వల్ల. పాత ఇల్లు అయితే తవ్వాక బయటపడేవాటికి మూడో వంతు పైన పెట్టుకోండి. కుళాయిలు, కమోడ్ మధ్యరకం తీసుకున్నాం, స్పేర్లు తెనాలి బజార్లో దొరికే కంపెనీవే.

మేస్త్రీకి 15 వేలు ఆపి వానలయ్యాక ఇస్తానని ముందే చెప్పా, ముఖం మాడ్చుకున్నా ఒప్పుకున్నాడు. ఆగస్టులో జోరు వానలు పడ్డాయి, హాలు మూల పొడిగానే ఉంది, కింద ఫ్లష్ వెనక్కి తన్నలేదు, డబ్బులిచ్చేశా. ఇప్పుడు ఆయనే కొత్త బేరాలు వస్తే వాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చి బాత్రూమ్ చూపిస్తున్నాడు. అమ్మ దగ్గరుండి రాడ్లు పట్టుకుని లేచి చూపించి, బల్ల ఎత్తు ఎంతో చెప్పి, చివర్లో "చదరపు అడుక్కి ఎంత చెప్పాడేంటి మీకు? మాకింతకే చేశాడు" అని రేటు కూడా చెప్పేస్తోంది, మేస్త్రీ "అమ్మగారూ" అంటూ తల పట్టుకుంటున్నాడు.